మూడు కార్ల గోరు

"తలకేసిన రంగు కాలిదాకా కారిందా ఏమప్పా?"
అనింది కుళ్ళాయమ్మ, చెంబుతో నీళ్లు పోస్తా.
చూసుకున్నా.
కుడి బొటనేలి గోరు
కాల్చిన వంకాయ తొక్క మాదిరి నిగనిగలాడతాంది.

నలభై ఆరేండ్లకు ఫుట్‌బాల్ ఏమిటికని ఎవురూ అడగలే.
ఆదివారం పొద్దున, గుంతకల్లు రైల్వే గ్రౌండులో
లోకో షెడ్డుకూ పార్సిల్ ఆఫీసుకూ మ్యాచి.
మావాళ్లు పదిమందే వచ్చినారు, పదకొండో కాలు నాది.
బూట్లు నావి కావు, బామ్మర్ది ఫకీరప్పవి.
నా పాదం తొమ్మిది, ఆ బూట్లు ఎనిమిది.
"లేసు వదులు చేసుకో బావా, సరిపోతాది" అన్నాడు.
చేసుకున్నా.
ఆ వదులులోనే పాదం ముందుకూ వెనక్కూ జారింది.

ఉరికినప్పుడు కాదు దెబ్బ,
ఆగినప్పుడు.
ఇరవై రెండేండ్లు గూడ్సు బండ్లు షంటింగ్ చేసినోన్ని
నాకన్నా తెలియాల:
బ్రేకు పడితే వ్యాగను ఆగుతాది,
లోపలి మూటలు ఆగవు.
ఆగిన ప్రతిసారీ వేలు పోయి
బూటు ముక్కుకు గుద్దుకుంది.
గోరన్నా కత్తిరించుకున్నానా, అదీ లేదు.
ఆటలో తెలీలే. గోలు మేమే కొట్టినాం,
నా మోకాలికి తగిలి పోయిందంటాడు ముసలి రొజారియో.

రాత్రికి మాత్రం
ఎవరో సుత్తి పట్టుకొని చక్రాలు తట్టి చూస్తాన్నట్ల
వేలి లోపల ఠంగ్, ఠంగ్.

సోమవారం తలా ఒక మందు.
సున్నమూ బెల్లమూ పెట్టమనింది పక్కింటామె.
దిష్టే, ఎర్రనీళ్లు తియ్యాలనింది మా అత్త.
సాంబశివుడైతే సూది కాల్చి పట్టుకునే వచ్చినాడు,
గుచ్చితే సర్రున దిగుతాదంట.
సూది కంటే వాని చెయ్యి వణుకు చూసి భయమైంది.

మంగళవారం రైల్వే ఆస్పత్రి.
డాక్టర్ పుష్పకళ గోరు నొక్కింది. అరిచినా.
"ఎప్పుడు తగిలింది?"
"మొన్న ఆదివారం."
"ఆ రోజే వచ్చింటే చిన్న కన్నం పెట్టి కారనిచ్చేదాన్ని,
అక్కడికక్కడే తేలికయ్యేది. ఇప్పుడు గడ్డకట్టింది.
ఇంట్లో మాత్రం ఎవురూ సూది ముట్టుకోగూడదు."
షుగర్ ఉందా అనింది. లేదన్నా.
రక్తం తీసి చూసినాకనే నమ్మింది.
టార్చి వేసి, గోరు మొదట్లో చర్మాన్ని
చానాసేపు చూసింది.
"ఏం చూస్తాండారు మేడమ్?"
"దెబ్బే లేకుండా నల్లబడి, గీత మాదిరి
చర్మం మీదికి పాకిందనుకో, అది వేరే కత.
ఒక్కరోజు కూడా ఆగకూడదు. నీది వట్టి రక్తమే.
గోరుతో పాటు అదీ ముందుకు జరుగుతాది."

గుడ్డలో చుట్టిన ఐసు. దిండు మీద కాలు.
రెండు నొప్పి మాత్రలు.
పీకొద్దు, ఊడితే దానంతటదే ఊడనీ.
చీము కనబడితే పరిగెత్తుకొని రా.
(ఏ కాలితో, అని అడగబోయి ఊరుకున్నా.)
"కొత్త గోరు ఎన్నాళ్లకు?"
"సంవత్సరం. ఇంకా ఎక్కువే పట్టచ్చు."

ఇంటికొచ్చి చెప్తే
కుళ్ళాయమ్మ వేళ్లు మడిచి లెక్కేసింది:
"అంటే శనక్కాయ మూడు కార్లు."
వజ్రకరూరు పక్కన వాళ్ల నాయనకు నాలుగెకరాల చేను.
ఆమెకు కాలమంటే పంటే.

తొలకరి పడితే ఆ చేలో జనం
తల వంచుకొని రాయీ రాయీ తిరగేస్తారు,
వజ్రం దొరుకుతాదని.
ఇన్నేండ్లలో నేను ఒక్కసారీ వంగలే.
ఇప్పుడు రోజూ తెల్లారుజామున
మంచం మీద కూచొని, అట్లే తల వంచి
వెతుకుతాండా: నలుపు వెనక, చర్మం అంచున,
తెల్లగా ఏమన్నా.

నిన్న కనపడింది.
వడ్లగింజ మొన అంత.

కుళ్ళాయమ్మను పిలిచినా.
వంగి చూసింది. ఏమీ అనలే.
వాకిట్లోకి పోయి ఫకీరప్ప బూట్లు
పాత పేపర్లో చుట్టి, తాడు కట్టి, మూల పెట్టింది.
చేతులు కొంగుకు తుడుచుకుంటా అడిగింది:
"నీకు తొమ్మిదా, తొమ్మిదిన్నరా?"